యోగ్యత ఎక్కడ ఉంటుంది? మోటారు పడవ ప్రొపెల్లర్ ఆధారంగా ఒక విచారణ

ఒక వస్తువును మంచిది అన్నప్పుడు ఆ మంచితనం వస్తువులోనే ఉందా, వాడుకొనేవాడి ఇష్టంలో ఉందా, లేక ఆ వస్తువుకూ తక్కినవాటికీ నడుమ ఏర్పడే సంబంధంలో ఉందా అన్న ప్రశ్న తత్వశాస్త్రంలో చాలా పాతది. ధర్మాన్ని గురించిన చర్చల్లో అది ఒక రూపంలోనూ, జ్ఞానానికి ప్రమాణమేమిటన్న చర్చల్లో మరొక రూపంలోనూ, పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యంలోని ఔచిత్యాన్ని గురించి చేసిన విచారణలో ఇంకొక రూపంలోనూ కనిపిస్తుంది. అయితే మనుషుల నడవడిక విషయంలోగాని, కవుల పదాల విషయంలోగాని ఈ ప్రశ్న వేసినప్పుడు ఆచారాలూ అభిమానాలూ వచ్చి కలుస్తాయి కాబట్టి, ఏది అభిరుచి వల్ల వచ్చిందో ఏది నిజమైన పొందిక వల్ల వచ్చిందో విడదీయడం కష్టమవుతుంది. అభిరుచికి చోటు తక్కువగా ఉన్న వస్తువునొకదానిని పట్టుకొని పరిశీలిస్తే విషయం తేటపడుతుంది. మోటారు పడవ వెనుక, నీటి అడుగున తిరిగే ప్రొపెల్లర్ అటువంటి వస్తువు. ఏ ప్రొపెల్లర్ మంచిదని అడిగితే అనుభవమున్న మెకానిక్ నేరుగా జవాబు చెప్పడు; ఏ పడవకు, ఏ ఇంజనుకు, ఎంత బరువుకు, ఏ పనికి అని ఎదురు అడుగుతాడు. ఆ ఎదురు ప్రశ్న తప్పించుకోవడం కాదు, యోగ్యత స్వరూపాన్ని గురించి ఒక నిశ్చితమైన అభిప్రాయం అందులో ఇమిడి ఉంది.

ముందుగా వస్తువును చూడాలి. ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొసలు తిరిగేటప్పుడు ఏర్పడే వలయపు అడ్డుకొలత. రెండోది పిచ్, అంటే మరమేకు చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ కూడా నీటిలో ఏమాత్రం జారకుండా దిగగలిగితే ఒక చుట్టుకు ఎంత దూరం ముందుకు సాగుతుందో తెలిపే కొలత. రెండింటినీ అంగుళాలలోనే చెబుతారు. 14, 19 అన్న అంకెలు ఉన్నాయంటే దాని వ్యాసం 14 అంగుళాలు, పిచ్ 19 అంగుళాలు అని అర్థం. ఇవి కాక రెక్కల సంఖ్య, వాటి వెడల్పు, వెనక అంచున ఉండే సన్నని వంపు, లోహం అనేవి ఉన్నాయి. అల్యూమినియం చవకైనది, రాయి తగిలితే వంగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనది, రెక్కను పలుచగా పోత పోసినా ఒత్తిడికి వంగదు. మూడు రెక్కలది సాధారణంగా ఎక్కువ వేగాన్ని ఇస్తే, నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకొని, బరువున్న పడవను త్వరగా నీటి మీదికి లేపి, గరిష్ఠ వేగంలో కొద్దిగా వెనకబడుతుంది. ఇవన్నీ వస్తువులోని గుణాలే. దుకాణంలో అల్మరా మీద ఉన్నా, సముద్రంలో ఉన్నా ఇవి మారవు. అయినా వీటిలో ఏ ఒక్కదాన్నీ, అన్నిటినీ కలిపి కూడా, మంచితనం అనడానికి వీలులేదు.

ఎందుకు వీలులేదో ఇంజనును చూస్తే తెలుస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్ల నుంచి ఎన్ని చుట్ల వరకు తిరగాలో తయారీదారులు ఒక హద్దు నిర్ణయిస్తారు. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డు మోటార్లలో 115 అశ్వశక్తి గలవాటికి అది చాలావరకు 5000 నుంచి 6000. పిచ్ ఒక అంగుళం పెంచితే ఇంజను వేగం సుమారు 150 నుంచి 200 చుట్లు తగ్గుతుంది, ఒక అంగుళం తగ్గిస్తే అంతే పెరుగుతుంది. పిచ్ మరీ ఎక్కువైన ప్రొపెల్లర్ తగిలిస్తే, మీటను కొసదాకా తోసినా ఇంజను 4600 దగ్గరే ఆగిపోయి, సిలిండర్లలో ఒత్తిడీ వేడీ పెరిగి, ఇంధనం అదుపు తప్పి పేలడం వల్ల పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం వస్తుంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజను హద్దు దాటి పరుగెత్తుతుంది కాని పడవ ఆ మేరకు ముందుకు పోదు. రెండు సందర్భాల్లోనూ పడవ నడుస్తూనే ఉంటుంది, వెంటనే ఏదీ విరిగిపోదు. తగనిదానితో ఏళ్ల తరబడి కాలం గడిపేవారు ఉండడానికి కారణం ఇదే.

ఇక్కడ కాస్త నిలిచి చూడవలసిన విషయం ఒకటి ఉంది. ఇంజను ఒక్కొక్క వేగం వద్ద ఎంత శక్తిని ఇవ్వగలదో చూపే గీత ఒకటి గీసి, ప్రొపెల్లర్ ఒక్కొక్క వేగం వద్ద ఎంత శక్తిని అడుగుతుందో చూపే గీత మరొకటి గీస్తే, మొదటిది నెమ్మదిగా ఎదిగి పైన వంగుతుంది, రెండోది మొదట్లో నేలబారుగా ఉండి తర్వాత నిటారుగా లేస్తుంది. ఎందుకంటే ప్రొపెల్లర్ అడిగే శక్తి సుమారుగా చుట్ల వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అడిగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ రెండు గీతలూ ఒక బిందువు వద్ద ఖండించుకొంటాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచిన పడవ నిలకడగా నడిచేది ఆ బిందువు వద్దనే. ఆ బిందువు ఇంజను గీతను ఎంత పరీక్షించినా అందులో దొరకదు, ప్రొపెల్లర్ గీతను ఎంత పరీక్షించినా అందులోనూ దొరకదు. రెండూ కలిసినప్పుడే అది పుడుతుంది. అయినా అది ఊహ కాదు. కచ్చితమైన అంకెతో చెప్పగల వాస్తవం. యోగ్యత సంబంధంలో ఉంటుంది అన్న మాటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం దొరకడం అరుదు.

భారతీయ తర్కం ఈ రకమైన సంబంధాన్ని మరొక సందర్భంలో ఎంతో సూక్ష్మంగా గుర్తించింది. ఆంధ్రుడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం, వాక్యం అర్థాన్ని బోధించడానికి కావలసిన మూడు నిమిత్తాలలో యోగ్యతను ఒకటిగా చెబుతుంది. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు బాధ, అంటే విరోధం, లేకపోవడమే యోగ్యత. నిప్పుతో తడపమనే మాట ప్రమాణం కాకపోవడానికి ఆ గ్రంథం చూపే కారణం, ఆ మాటలో యోగ్యత లేకపోవడమే. నిప్పు అన్న పదంలో దోషం లేదు, తడపడం అన్న పదంలోనూ దోషం లేదు. ఒకటి మరొకదాన్ని కోరి తెచ్చుకొన్నప్పుడే దోషం బయటపడుతుంది. 21 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లర్ తేలికైన పందెపు పడవ మీద చక్కగా పనిచేస్తుంది, 115 అశ్వశక్తి మోటారు కుటుంబ సభ్యులు ఎక్కే బరువైన పడవకు చక్కగా సరిపోతుంది. ఆ ప్రొపెల్లర్‌ను ఈ మోటారుకు, ఈ పడవకు తగిలించినప్పుడు పుట్టేదే బాధ. దోషం ఎవరిదని వెతికే అలవాటున్న బుద్ధికి ఇటువంటి చోట దోషి దొరకడు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు, వాక్యానికి చెప్పిన లక్షణం యంత్రానికి కూడా సరిపోవడం కాకతాళీయం కాదు. వాక్యమైనా యంత్రమైనా భాగాల కూర్పే. కూర్పులో పుట్టే గుణదోషాలను విడి భాగాలకు అంటగట్టరాదన్నది రెండు చోట్లా ఒకటే.

ఇంతవరకు వచ్చిన తర్వాత ఒక ఆక్షేపణ తప్పక ఎదురవుతుంది. యోగ్యత సంబంధాన్ని బట్టి ఉంటుందంటే, ఎవరికి తోచింది వారికి సరైనదే అని ఒప్పుకొన్నట్టు కాదా, మంచిచెడ్డలకు నిలకడ లేకుండా పోదా? ఈ ఆక్షేపణకు అరిస్టాటిల్ తన నికోమాకియన్ నీతిశాస్త్రం రెండో భాగంలోనే సమాధానం సూచించాడు. పది మినాల ఆహారం ఎక్కువ, రెండు మినాలు తక్కువ అయినంత మాత్రాన, వాటికి నడుమ ఉన్న ఆరు మినాలు అందరికీ సరైన పాళ్లు కావని ఆయన వాదం. మినా అనేది గ్రీకుల తూనిక. పేరుమోసిన మల్లుడు మిలోకు ఆరు మినాలు చాలవు, వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవాడికి అవే ఎక్కువ. అయితే మిలోకు ఎంత సరిపోతుందన్నది మిలో అభిప్రాయం కాదు. అతని శరీరం, శ్రమ, లక్ష్యం ఆ పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. అతడు పొరబడవచ్చు, శిక్షకుడు అతనికంటె బాగా ఎరిగి ఉండవచ్చు. ఒకరిని బట్టి ఉండడం వేరు, ఒకరి ఇష్టాన్ని బట్టి ఉండడం వేరు. ఈ భేదాన్ని చూడలేకపోవడం వల్లనే, విలువలు వస్తువులోనే ఉండాలని పట్టుబట్టేవారూ, విలువలన్నీ ఇష్టాలేనని తేల్చేవారూ ఒకే పొరపాటును రెండు వైపుల నుంచి చేస్తుంటారు. పొరుగువాడి పడవ మీద 21 అంగుళాల పిచ్ చూసి ముచ్చటపడిన యజమాని తన పడవకూ అదే తగిలించుకోవచ్చు, గర్వపడవచ్చు. ఇంజను చుట్లను చూపే టాకోమీటరు ముల్లు మాత్రం అతని ముచ్చటను లెక్కచేయక 4600 దగ్గర నిలబడుతుంది.

భగవద్గీత మూడో అధ్యాయంలోనూ పద్దెనిమిదో అధ్యాయంలోనూ వచ్చే స్వధర్మ విచారం కూడా ఈ సందర్భంలోనే గుర్తుకువస్తుంది. ఇతరుల ధర్మాన్ని చక్కగా ఆచరించడంకన్న, లోపాలున్నా తన ధర్మమే మేలన్న భావం, యోగ్యత సంబంధంలో ఉంటుందన్న ఆలోచనకు చాలా దగ్గరది. కాని ఈ భావం చరిత్రలో మనిషిని పుట్టుకను బట్టి ఒక పనికి కట్టివేయడానికి ఉపయోగపడిందన్నది దాచరాని నిజం, దానిని ఖండించక తప్పదు. పుట్టుక అనేది ముద్రించిన అంకె లాంటిది కూడా కాదు. ముద్రించిన అంకె అయినా కొలిచి వేసినది. ఆ కొలిచి వేసిన అంకెను సైతం నమ్ముకొని కూర్చోరాదని ప్రొపెల్లర్ల సంగతి తెలిసినవారు చెబుతారు. ఒకే వ్యాసం, ఒకే పిచ్ ముద్రించి ఉన్న రెండు తయారీల ప్రొపెల్లర్లు ఒకే పడవ మీద ఒకే ఫలితం ఇవ్వవు. రెక్క వంపు, వెడల్పు, పిచ్‌ను కొలిచే పద్ధతి మారుతుంటాయి. తనకు తగినది ఏదో తనకే ఉందన్నంత వరకు స్వధర్మ భావం నిజం. అది ఏదో పరీక్షకు ముందే, ఎవరో నిర్ణయించి ఉంచారన్నంత మేరకు అది నిలవదు.

పరీక్ష అన్నప్పుడు చర్చ యోగ్యత స్వరూపం నుంచి యోగ్యత ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మారుతుంది. ఈ ప్రశ్న మీద న్యాయ, మీమాంస దర్శనాల మధ్య శతాబ్దాలపాటు వివాదం నడిచింది. జ్ఞానం కలిగినప్పుడు అది నిజమన్న సంగతి ఆ జ్ఞానంతోపాటే తెలుస్తుందని, దానిని వేరొక జ్ఞానం కాదనేదాకా నిజంగానే స్వీకరించాలని మీమాంసకులు అన్నారు; దీనికి స్వతఃప్రామాణ్యవాదమని పేరు. జ్ఞానం నిజమా కాదా అన్నది దాన్ని అనుసరించి చేసిన పని ఫలించడం వల్లనే తెలుస్తుందని నైయాయికులు అన్నారు. పని ఫలించడాన్ని వారు ప్రవృత్తి సామర్థ్యం అంటారు, వాత్స్యాయనుడి న్యాయభాష్యం ఈ మాటతోనే మొదలవుతుంది. ప్రొపెల్లర్ ఎంపికలో పట్టికలు, సూత్రాలు, కంప్యూటరు లెక్కలు అన్నీ ఉన్నా, అవి తేల్చేది ఎక్కడ మొదలుపెట్టాలన్నంత వరకే. పడవకు మామూలుగా ఉండే బరువంతా ఎక్కించి, అలలు లేని నీటిలో, మోటారు వాలును సరిచేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, టాకోమీటరు చూపే చుట్లనూ జీపీఎస్ చూపే వేగాన్నీ రాసుకొన్న తర్వాతనే ఆ ప్రొపెల్లర్ తగినదో కాదో తెలుస్తుంది. 19 అంగుళాల పిచ్‌తో 4700 చుట్లు వచ్చాయనుకొంటే, 15 అంగుళాలకు దిగితే 5300కూ 5500కూ మధ్య రావాలని అంచనా వేస్తారు, తగిలించి మళ్లీ చూస్తారు.

మీమాంసకులు దీనిపై వేసే ప్రశ్న బలమైనదే. ఒక జ్ఞానాన్ని మరొక జ్ఞానంతో సరిచూడాలంటే ఆ రెండోదాన్ని మూడోదానితో సరిచూడాలి కదా, ఇది ఎక్కడ ఆగుతుంది? దీనిని అనవస్థ అంటారు. అనవస్థ పుస్తకాల్లోని చిక్కు మాత్రమే కాదని పడవలు చూపిస్తాయి. చాలా టాకోమీటర్ల వెనక, ఇంజను ఆల్టర్నేటరులోని అయస్కాంత ధ్రువాల సంఖ్యకు తగినట్టు అమర్చవలసిన చిన్న మీట ఒకటి ఉంటుంది. అది తప్పు స్థానంలో ఉంటే ముల్లు చూపే అంకె మొత్తం తప్పవుతుంది, ఆ అంకెను నమ్మి మార్చిన ప్రొపెల్లర్లన్నీ వృథా అవుతాయి. అయితే నైయాయికుల జవాబు కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొత్తగా కలిగిన, పరిచయం లేని జ్ఞానానికి ఫలం చూసే దాకా నిశ్చయం ఉండదు. అదే జాతి జ్ఞానం అనేకసార్లు ఫలించి అలవాటైన తర్వాత, ఆ జాతికి చెందినదన్న గుర్తుతోనే నిశ్చయం కలుగుతుంది. మొదటి రకాన్ని అనభ్యాస దశ అనీ, రెండోదాన్ని అభ్యాస దశ అనీ అంటారు. మెకానిక్ ప్రతి టాకోమీటరునూ అనుమానించడు. అంకెలు వేగంతో పొసగనప్పుడు మాత్రం అనుమానిస్తాడు. అనుమానానికి కూడా ఒక కారణం ఉండాలన్న నియమాన్ని అతడు పాటిస్తున్నాడు.

ఫలం వల్ల తెలుసుకోవడం ఎంత దూరం పోగలదో ఈ యంత్రపు చరిత్రలోనే ఒక ఘటన చెబుతుంది. ఇంగ్లండులో వ్యవసాయం చేసుకొనే ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836లో మర ఆకారపు ప్రొపెల్లర్‌కు పేటెంటు పొందాడు. అతని కర్ర మరకు రెండు పూర్తి చుట్లు ఉండేవి. చుట్లు ఎక్కువగా ఉంటే నీటిని ఎక్కువగా పట్టుకొంటుందన్నది చూడబోతే సహజమైన ఆలోచన. 1837లో లండన్‌లోని పాడింగ్టన్ కాలువలో పరీక్షిస్తుండగా మర దేనికో తగిలి సగం విరిగిపోయింది. విరిగిన వెంటనే పడవ వేగం పెరిగింది. పొడవైన మరలో వెనక భాగం, ముందు భాగం అప్పటికే కదిలించి వదిలిన నీటిలో తిరుగుతూ, ఒరిపిడిని పెంచడమే తప్ప తోపుడుకు పెద్దగా తోడ్పడడం లేదని అప్పుడు బయటపడింది. ఏ పట్టికా చెప్పని సత్యాన్ని ప్రమాదం చెప్పింది. అయితే ఆ ప్రమాదాన్ని చదవగలిగిన మనిషి పడవలో ఉండడం కూడా అంతే ముఖ్యం. ప్లేటో తన రిపబ్లిక్ పదో భాగంలో, వేణువు ఎలా ఉండాలో నిజంగా తెలిసినవాడు దాన్ని వాయించేవాడేననీ, తయారుచేసేవాడు అతని మాట విని నమ్మి చేస్తాడనీ వాదించాడు. స్మిత్ విషయంలో తయారుచేసినవాడూ నడిపినవాడూ ఒకడే కావడం వల్ల ఆ జ్ఞానం చేతులు మారవలసిన అవసరం లేకపోయింది.

ప్రసిద్ధమైన మరో పరీక్షను మాత్రం అతిగా నమ్మడం పొరపాటు. 1845 ఏప్రిల్ 3న బ్రిటిష్ నౌకాదళం మర ప్రొపెల్లర్ ఉన్న రాట్లర్ నౌకనూ, పక్కల చక్రాలున్న అలెక్టో నౌకనూ వెనక భాగాలు కలిపి కట్టి, ఎదురెదురుగా లాగించింది. రాట్లర్ అలెక్టోను వెనక్కి ఈడ్చుకుపోయింది. ఈ దృశ్యం చక్రాల యుగాన్ని ముగించిందని చెప్పుకోవడం పరిపాటి. అప్పటికే నౌకాదళం మర నౌకలను నిర్మించే నిర్ణయానికి వచ్చి ఉంది, రాట్లర్ మీద పలు రకాల మరలను మార్చి మార్చి పరీక్షించి ఉంది. జనానికి గుర్తున్నది తాడుతో లాగిన పోటీ. జ్ఞానాన్ని ఇచ్చినవి అంతకు ముందు జరిగిన, ఎవరూ చప్పట్లు కొట్టని పరీక్షలు.

ఇప్పుడు జారుడు అనే విషయానికి రావాలి. దీనిని స్లిప్ అంటారు. నిమిషానికి 5500 చుట్లు తిరిగే ఇంజనుకు గేరు నిష్పత్తి 2 అయితే ప్రొపెల్లర్ 2750 చుట్లు తిరుగుతుంది. పిచ్ 17 అంగుళాలైతే, జారకుండా పోగలిగితే, పడవ గంటకు సుమారు 71 కిలోమీటర్ల వేగంతో పోవాలి. నిజానికి అది సుమారు 63 కిలోమీటర్లు పోతే జారుడు 12 శాతం ఉందంటారు. ఈ 12 శాతాన్ని నష్టంగా చూడడం సహజం. కాని నీరు చెక్క కాదు. దాన్ని వెనక్కి తోసినప్పుడే అది పడవను ముందుకు తోస్తుంది, వెనక్కి తోయబడిన నీరు కదలకుండా ఉండదు. నీటికి వేగం ఇవ్వకుండా తోపుడు పుట్టదని 1865లో ఇంజనీరు రాంకిన్ గణితంతో నిరూపించాడు. ఏమాత్రమూ నీటిని కదిలించని ప్రొపెల్లర్ ఉంటే అది ఏ పడవనూ కదిలించలేదు. గీత పద్దెనిమిదో అధ్యాయం, ఏ పని ఆరంభించినా దానిని ఒక దోషం ఆవరించే ఉంటుందనీ, ఆ కారణంతో తనదైన పనిని విడవరాదనీ చెబుతుంది. ప్రొపెల్లర్ ఈ మాటకు ఒక వివరణను చేర్చగలదు: కొన్ని దోషాలు పనికి అంటుకొని వచ్చినవి కావు, పని జరగడానికి చెల్లించవలసిన వెల. అదే సమయంలో ఈ వాక్యాన్ని సాకుగా వాడుకోవడానికి వీలులేదు. వేగంగా పోయే పడవలో జారుడు 12 శాతం ఉంటే అది వెల. 30 శాతం ఉంటే మోటారు మరీ ఎత్తుగా బిగించి ఉండవచ్చు, రెక్క వంగి ఉండవచ్చు, ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ పట్టు వదిలి ఉండవచ్చు. అనివార్యమైన దోషాన్ని ఓర్చుకోవడానికీ, తీర్చదగిన దోషాన్ని ఓర్చుకోవడానికీ మధ్య ఉన్న భేదం, కర్మను గురించి మాట్లాడే చోట ఎంతో జాగ్రత్తగా పాటించవలసినది.

జర్మను తత్వవేత్త కాంట్ 1781లో వెలువరించిన శుద్ధబుద్ధి విమర్శకు రాసిన ఉపోద్ఘాతంలో, రెక్కలకు తగిలే గాలి ఒత్తిడి లేకపోతే ఇంకా బాగా ఎగరవచ్చునని భ్రమపడగల పావురాన్ని ప్రస్తావించాడు. అడ్డంకి అని పావురం అనుకొనేదే దాన్ని పైకి ఎత్తుతున్నది. కాంట్ ఈ దృష్టాంతాన్ని అనుభవాన్ని విడిచి శూన్యంలో ఎగరబోయిన బుద్ధికి వాడాడు. నీటి విషయంలో ఆ శూన్యం నిజంగానే ఏర్పడిన సందర్భం ఒకటి ఉంది. చార్లెస్ పార్సన్స్ తన ఆవిరి టర్బైను శక్తిని చూపడానికి 1894లో టర్బీనియా అనే చిన్న నౌకను నిర్మించాడు. టర్బైను అంతకు ముందు ఏ నౌకా ఇంజనూ తిరగనంత వేగంగా తిరిగింది. ఎన్ని రకాల ప్రొపెల్లర్లు మార్చినా నౌక వేగం మాత్రం సుమారు 20 నాట్ల దగ్గరే ఆగిపోయింది. అతి వేగంగా తిరిగే రెక్కల ముందు వైపున నీటి ఒత్తిడి ఎంతగా పడిపోయిందంటే, చల్లని నీరే ఆవిరై బుడగలు కట్టి, రెక్కలు నీటికి బదులు ఖాళీని తోయసాగాయి. దీనినే కావిటేషన్ అంటారు. ఈ బుడగలు మళ్లీ చితికిపోయేటప్పుడు లోహాన్ని సైతం కొరికివేస్తాయి. దీన్ని కళ్లతో చూడడానికి పార్సన్స్ ఒక చిన్న తొట్టె తయారుచేసి, నీటిని మరిగే స్థితికి దగ్గరగా వేడిచేసి, నమూనా ప్రొపెల్లర్‌ను తిప్పుతూ, ఉండుండి వెలిగే కాంతిలో బుడగలు రెక్క మీద పుట్టడాన్ని గమనించాడు. తర్వాత ఒకే ఇరుసు మీది భారాన్ని మూడు ఇరుసులకూ, ఒక్కొక్క ఇరుసు మీద మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లకూ పంచాడు. 1897లో స్పిట్‌హెడ్ నౌకాదళ ప్రదర్శనలో టర్బీనియా 34 నాట్లు, అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్లు అందుకొంది. శక్తి తక్కువై కాదు, శక్తిని భరించవలసిన నీరు చాలకనే మొదటి ప్రయత్నం విఫలమైంది. ఇంజనూ ప్రొపెల్లరూ పొసగితే చాలదు, ఆ రెండింటికీ ఆధారమైన నీరు కూడా ఆ సంబంధంలో ఒక పక్షమే.

స్థలం మారితే పొందిక మారడానికి కూడా ఇదే కారణం. సముద్ర మట్టంలో తగినదైన ప్రొపెల్లర్, దాదాపు 1580 మీటర్ల ఎత్తున ఉన్న శ్రీనగర్ దాల్ సరస్సులో, గాలి పలుచనై ఇంజను శక్తి ఏడింట ఒక వంతు దాకా తగ్గిపోవడం వల్ల, అదే మోటారుకు బరువైపోతుంది. దేశకాలపాత్రలను చూడాలని ధర్మశాస్త్రకారులు దానం విషయంలో అన్న మాటకు ఇది చాలా దగ్గర.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఇంజను, పడవ, నీరు, ఎత్తు అన్నీ తెలిసినా, ఏ ప్రయాణం కోసం అన్నది మనిషే చెప్పాలి. ఆంధ్ర తీరంలో జాలర్లు వాడే ఫైబరు పడవలకు చాలావరకు పది అశ్వశక్తికి అటూ ఇటూగా ఉన్న ఔట్‌బోర్డు మోటార్లు ఉంటాయి. తెల్లవారకముందే ఒడ్డు నుంచి నీటిలోకి నెట్టిన పడవ విరిగిపడే అలలను దాటవలసిన కొద్ది క్షణాల్లో కావలసింది గరిష్ఠ వేగం కాదు, నిలిచిన చోటు నుంచి తోయగల బలం. ఆ క్షణాన తడబడితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. అలలు దాటిన తర్వాత తేలికైన పడవ దూరం పోతున్నప్పుడు కొంచెం ఎక్కువ పిచ్ ఉంటే ఇంధనం కలిసివస్తుంది. తిరుగు ప్రయాణంలో తడిసిన వలలూ చేపలూ ఎక్కి పడవ లోతుగా కూర్చొన్నప్పుడు మళ్లీ తక్కువ పిచ్ కావాలి. ఒక్క రోజులోనే మూడు వేర్వేరు పొందికలు అవసరం, ప్రొపెల్లర్ ఒక్కటే. ఇక్కడ లెక్క ఏ సమాధానమూ ఇవ్వదు. ఏ క్షణంలో విఫలమైతే తిరిగి సరిదిద్దుకోలేమో ఆ క్షణానికి తగినది ఎంచుకొని, తక్కిన రెండింటిలో కొంత పోగొట్టుకోవడమే వివేకం. ప్రాణాన్ని ఇంధనంతో ఒకే త్రాసులో వేయరాదు కాబట్టి ఇది సమాన పక్షాల మధ్య రాజీ కాదు. విహారానికి వాడే పడవల విషయంలోనూ అనుభవజ్ఞులు ఇదే దారిలో ఆలోచించి, మామూలు బరువుతో ఇంజను వేగం తయారీదారు హద్దులో పైసగంలో ఉండేలా ఎంచుకొమ్మంటారు; అప్పుడు మరో నలుగురు ఎక్కినా అది హద్దు కిందికి పడిపోదు. ఒంటరిగా పోయేటప్పుడు కలిగే కొద్దిపాటి వేగనష్టాన్ని, ఇంకా ఎక్కని మనుషుల కోసం యజమాని ముందుగానే ఒప్పుకొంటున్నాడన్నమాట. ఈ ఎంపికను సాంకేతికం అనడం ఎంత నిజమో, నైతికం అనడం కూడా అంతే నిజం.

ఈ కష్టాన్ని తప్పించడానికి పెద్ద ఓడల్లో, నడుస్తుండగానే రెక్కల కోణాన్ని మార్చుకోగల ప్రొపెల్లర్లు వాడుతున్నారు. టగ్గులకు, ఫెర్రీలకు అవి ఎంతో ఉపయోగకరం. పిచ్ మారగలిగితే ఎంపిక అవసరమే ఉండదని, ఏ పరిస్థితికైనా అది తగినదిగా మారుతుందని అనిపించవచ్చు. కాని రెక్క మొదలు నుంచి కొస వరకు ఒక్కొక్క చోట ఒక్కొక్క మెలిక ఉంటుంది, ఎందుకంటే కొస ఎక్కువ దూరం తిరుగుతుంది, మొదలు తక్కువ దూరం తిరుగుతుంది. ఆ మెలిక మొత్తం ఒక పిచ్‌కు మాత్రమే సరిగ్గా పొసగుతుంది. రెక్కను కుదురు దగ్గర తిప్పినప్పుడు కోణం అంతటా ఒకేలా మారుతుంది కాబట్టి తక్కిన అన్ని స్థితుల్లోనూ ఎక్కడో ఒకచోట కొంత తేడా మిగులుతుంది. పైగా రెక్కలను తిప్పే యంత్రాన్ని లోపల ఇముడ్చుకోవలసిన కుదురు లావెక్కి, స్థిరమైన ప్రొపెల్లర్‌కన్న కొంత సామర్థ్యాన్ని పోగొట్టుకొంటుంది. అందువల్ల దాన్ని గీసే ఇంజనీరు కూడా మొట్టమొదట, ఈ ఓడ తన జీవితంలో ఎక్కువ భాగం ఏ బరువుతో, ఏ వేగంతో, ఏ పని మీద పోతుందని ఓడ యజమానిని అడిగి, ఆ జవాబు కాగితం మీద రాసుకొన్న తర్వాతనే మొదటి గీత గీస్తాడు.